ఆఫీసులో 140 సిస్టమ్స్, ఎవరికి నచ్చిన బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు వాళ్ళు పెట్టేసుకున్నారు... ఎక్కడ మొదలుపెట్టాలి?

బేగంపేట_ఐటీ:

అందరికీ నమస్తే. బేగంపేటలో అకౌంటింగ్, పేరోల్ పనులు చేసిపెట్టే ఒక ఆఫీసులో ఐటీ చూసుకుంటాను, నేనూ ఇంకో తమ్ముడూ, ఇద్దరమే. మొత్తం 140 సిస్టమ్స్, అన్నీ విండోస్. ఇక్కడున్న 90 డొమైన్‌లో ఉన్నాయి, అంటే అన్నిటినీ ఒకే చోట నుంచి నడిపించొచ్చు, ఉప్పల్ బ్రాంచ్‌లో ఉన్న 50 మాత్రం ఇంకా వర్క్‌గ్రూప్‌లోనే, దేనికది విడిగా నడుస్తున్నాయి. దాదాపు అందరూ క్రోమే, కొంతమంది ఎడ్జ్, ఒక ఆరుగురు ఫైర్‌ఫాక్స్ తప్ప వేరేది ముట్టుకోరు.

విషయం ఏంటంటే పోయిన నెల జీతాల టైంలో పేరోల్‌లో ఒకామె ఫోన్ చేసి, సార్ గూగుల్‌లో ఏం వెతికినా ఏదో తెలీని పేజీకి పోతోంది అంది. వెళ్ళి చూస్తే పీడీఎఫ్‌ని ఎక్సెల్‌గా మార్చే ఫ్రీ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఒకటి, అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవగలదు మార్చగలదు అనే పర్మిషన్‌తో కూర్చుని ఉంది. కంగారులో క్రోమ్ మొత్తం తీసేసి, ఫోల్డర్లు కూడా డిలీట్ చేసి కొత్తగా వేశాను. ఆమె తన సొంత జీమెయిల్‌తో లాగిన్ అయిన కాసేపటికి అదే ఎక్స్‌టెన్షన్ మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ సిస్టమ్‌లో రోజూ తెరిచేవి దాదాపు మూడు వేల మంది కార్మికుల బ్యాంక్ అకౌంట్లు, పాన్, యూఏఎన్, ఆధార్ వివరాలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా చెప్తున్నా.

మా సార్‌కి చెప్తే అన్నీ బ్లాక్ చేసెయ్, రేపటికల్లా అయిపోవాలి అన్నారు. కానీ టెండర్ల పోర్టల్‌లో డిజిటల్ సంతకం పెట్టడానికి ఎక్స్‌టెన్షన్ ఉంది, పాస్‌వర్డ్ మేనేజర్ ఉంది, కొంతమంది తెలుగు టైపింగ్‌కి వాడేది ఉంది, ఇంకా నాకు తెలీనివి ఎన్నున్నాయో. ఏది ఎవరికి అవసరమో తెలీకుండా ఆపేస్తే పని ఆగుతుంది, ఆపకపోతే ఆ మూడు వేల మంది వివరాలకి నాదే బాధ్యత. గ్రూప్ పాలసీ (డొమైన్‌లో ఉన్న సిస్టమ్స్ అన్నిటికీ ఒకేసారి సెట్టింగ్స్ పంపే పద్ధతి) వచ్చు గానీ బ్రౌజర్ పాలసీలు ఎప్పుడూ పెట్టలేదు. ఉప్పల్ వర్క్‌గ్రూప్ సిస్టమ్స్‌కి అసలు దారి ఉందా? చేసినవాళ్ళు ఎవరైనా వరస చెప్తారా.

సికింద్రాబాద్_సిస్టమ్స్:

ముందు ఆ తిరిగొచ్చిన ఎక్స్‌టెన్షన్ సంగతి. అది క్రోమ్ సింక్. ఎక్స్‌టెన్షన్ ఆమె గూగుల్ అకౌంట్‌లోకి ఎక్కేసింది కాబట్టి మీరు క్రోమ్‌ని ఎన్నిసార్లు తీసి వేసినా లాగిన్ అవ్వగానే దిగిపోతుంది. ఎక్స్‌టెన్షన్ల పేజీలో రిమూవ్ కొట్టి ఉంటే అకౌంట్ నుంచి కూడా పోయేది, ఫోల్డర్ డిలీట్ చేయడం వల్ల పోలేదు. దీనికి సింక్ టైప్స్ లిస్ట్ డిజేబుల్డ్ అనే పాలసీ ఉంది, అందులో ఎక్స్‌టెన్షన్స్ అని రాస్తే బుక్‌మార్కులు అలాగే ఉంటాయి, ఎక్స్‌టెన్షన్లు మాత్రం అటూ ఇటూ పోవు. నన్నడిగితే పాస్‌వర్డ్స్ కూడా అందులోనే రాయండి, ఎందుకంటే ఆఫీసులో సేవ్ చేసిన పాస్‌వర్డ్ ఇంట్లో పిల్లలు వాడే లాప్‌టాప్‌లోకి వెళ్ళడం కూడా ఇదే దారిలో జరుగుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే సొంత జీమెయిల్‌తో బ్రౌజర్ సైన్ ఇన్ అవ్వకుండానే ఆపొచ్చు, బ్రౌజర్ సైన్‌ఇన్ పాలసీ అని ఉంటుంది, కానీ మొదటి వారంలోనే అంత వద్దు, జనం గోల పెడతారు.

ఇక రేపటికల్లా అన్న మాట పక్కన పెట్టించండి సార్‌తో మాట్లాడి. మొదటి పని లెక్క తీయడం. ఏ సిస్టమ్‌లో ఏమున్నాయో తెలీకుండా బ్లాక్ చేయడం అంటే చీకట్లో చెయ్యి పెట్టడమే. లెక్కకి రెండు దారులు. ఒకటి క్రోమ్ ఎంటర్‌ప్రైజ్ కోర్, ఆఫీసులో ఉన్న క్రోమ్‌లన్నిటినీ ఒకే చోట నుంచి చూసుకునే గూగుల్ సర్వీస్, ఇది ఫ్రీ, గూగుల్ వర్క్‌స్పేస్ కొనక్కర్లేదు, ఇదివరకు క్రోమ్ బ్రౌజర్ క్లౌడ్ మేనేజ్‌మెంట్ అనేవారు. గూగుల్ అడ్మిన్ కన్సోల్‌లో ఎన్‌రోల్‌మెంట్ టోకెన్ (బ్రౌజర్‌ని మీ కన్సోల్‌కి కలిపే కోడ్) తీసుకుని, విండోస్ సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో వేస్తే ఆ బ్రౌజర్ కన్సోల్‌లో కనిపిస్తుంది, డొమైన్‌తో సంబంధం లేదు, అంటే మీ ఉప్పల్ సమస్య ఇక్కడే తీరిపోతుంది. కన్సోల్ నుంచే రెడీమేడ్ రిజిస్ట్రీ ఫైల్ దిగుతుంది. ఒక్కటి మర్చిపోకండి, బ్రౌజర్ రిపోర్టింగ్‌ని విడిగా ఆన్ చెయ్యాలి, నేను అది చెయ్యకుండా రెండు రోజులు ఖాళీ లిస్ట్ చూస్తూ కూర్చున్నాను. ఆన్ చేశాక కూడా రిపోర్ట్ రావడానికి ఒక రోజు పట్టొచ్చు.

రెండోది పవర్‌షెల్ స్క్రిప్ట్. ప్రతి యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, గూగుల్, క్రోమ్, యూజర్ డేటా, దాని లోపల ప్రొఫైల్ పేరు, ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్స్. లోపల 32 అక్షరాల ఫోల్డర్లుంటాయి, అవే ఐడీలు, ఇంగ్లీష్ మొదటి 16 అక్షరాలతోనే ఉంటాయి. చాలామంది డిఫాల్ట్ అనే ప్రొఫైల్ ఒక్కటే చూసి వదిలేస్తారు, ప్రొఫైల్ 1, ప్రొఫైల్ 2 అని ఇంకా ఉంటాయి, అసలైనవి అక్కడే దొరుకుతాయి. ఇంకోటి, ఎక్స్‌టెన్షన్ వివరాలుండే మేనిఫెస్ట్ ఫైల్‌లో పేరు చదివితే కొన్నిటికి అసలు పేరు బదులు అండర్‌స్కోర్లతో ఏదో మెసేజ్ కోడ్ వస్తుంది, అసలు పేరు లోకేల్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. నేనైతే పేరు పట్టించుకోను, ఐడీ తీసుకుని వెబ్ స్టోర్‌లో చూసుకుంటాను.

లెక్క వచ్చాక పాలసీ చిన్నదే. ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ బ్లాక్‌లిస్ట్‌లో ఒక్క * గుర్తు, అంటే అన్నీ ఆపు అని. అలౌలిస్ట్‌లో మీరు ఒప్పుకున్న ఐడీలు. అందరికీ తప్పనిసరిగా ఉండాల్సింది ఏదైనా ఉంటే ఫోర్స్‌లిస్ట్, అది యూజర్ తీసెయ్యలేడు. నెట్‌లో పాత ఆర్టికల్స్‌లో బ్లాక్‌లిస్ట్, అలౌలిస్ట్‌లకి వేరే పేర్లు కనపడతాయి, 2020లో మార్చారు, పాత పేర్లతో పెడితే పని చెయ్యవు. పెట్టాక క్రోమ్‌లో పాలసీ పేజీ తెరిచి రీలోడ్ కొట్టి చూసుకోండి, అక్కడ ఎర్రర్ లేకపోతేనే నమ్మండి. ఇదివరకే ఉన్నవి బ్లాక్ అయితే డిలీట్ అవ్వవు, ఆగిపోయి బూడిద రంగులో ఉంటాయి, పాలసీ తీసేస్తే మళ్ళీ లేచి కూర్చుంటాయి. మీ పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్‌ని మాత్రం ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్ పాలసీలో రిమూవ్‌డ్ అని పెట్టండి, ఎక్కడున్నా పూర్తిగా పోతుంది.

ఎల్బీనగర్_నెట్‌వర్క్:

అన్నా, బ్లాక్ చేసుడు ఐదు నిమిషాల పని, ఏది ఆపొద్దో తెల్సుకునుడే అసలు పని. నాకేమైందో చెప్త, మీరు అట్ల చెయ్యకుండ్రి. రెండేండ్ల కింద మా ఆఫీసుల గూడ ఇట్లనే పైనుంచి ఆర్డర్ వచ్చింది, సోమవారం పొద్దుగాల తొమ్మిదింటికి స్టార్ పెట్టి అందరికి పంపిన. పదిన్నరకు టెండర్ సెక్షన్‌ల నుంచి ఫోన్, ఆ రోజే ఒక టెండర్‌కు ఆఖరి రోజు, డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ పెట్టి సైన్ కొడ్తే ఏం అయితలేదు. ఐడీ వెతికి అలౌలిస్ట్‌ల పెట్టిన, అయినా సైన్ అయితలేదు. గంటన్నర తల పగలగొట్టుకున్నంక దొరికింది, నేటివ్ మెసేజింగ్ అని ఇంకో పాలసీ ఉంటది, బ్రౌజర్‌ల ఉన్న ఎక్స్‌టెన్షన్ కంప్యూటర్‌ల ఉన్న వేరే ప్రోగ్రామ్‌తోని మాట్లాడే దారి అదే, సైనింగ్ ఎక్స్‌టెన్షన్‌లు ఆ దారినుంచే టోకెన్ దాకా పోతయ్. ఏదో గైడ్‌ల చూసి దాన్ని గూడ స్టార్‌తోని నేనే మూసి పెట్టిన. నేటివ్ మెసేజింగ్ అలౌలిస్ట్‌ల ఆ ప్రోగ్రామ్ పేరు ఎక్కిస్తే అప్పుడు నడిచింది. టెండర్ అయితే పడ్డది, ఇరవై నిమిషాలు మిగిలినయ్ అంతే. ఆ టెండర్ పోతే ఎంతమంది పని పోతుండెనో నాకు తెల్సు, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

మీది పేరోల్, అకౌంట్స్ ఆఫీసు కాబట్టి క్యాలెండర్ చూసుకోండ్రి. 7న టీడీఎస్ కట్టుడు, 11న జీఎస్టీఆర్ 1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్ 3బీ, మూణ్ణెల్లకోసారి వేసెటోళ్లకు మన తెలంగాణల 22. ఈ తారీఖులల్ల ఏం ముట్టకుండ్రి. 23 తర్వాత ఒక మంగళవారమో బుధవారమో పట్టుకోండ్రి, శుక్రవారం అస్సలే వద్దు. ముందుగాల పది సిస్టమ్స్, ఒక్కో సెక్షన్‌ల నుంచి ఒకటి రెండు, వారం దినాలు నడవనియ్యండ్రి. ఆ పది మందిల మీ సార్ లాప్‌టాప్ గూడ ఉండాలె, ఆయనకు కష్టమేందో తెలుస్తది, మీకు టైం ఇస్తడు.

మణికొండ_సెక్యూరిటీ:

పైన ఇద్దరూ చెప్పింది కరెక్ట్. నేను చెప్పేది ఏది ఒప్పుకోవాలి అనే దాని గురించి. పేరున్నదే కదా, లక్షల మంది వాడుతున్నారు కదా అని ఒప్పేసుకోవద్దు. గ్రేట్ సస్పెండర్ అని ట్యాబులు నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఉండేది, 20 లక్షల మందికి పైగా వాడేవాళ్ళు, చాలా మంచి పేరు. 2020లో దాన్ని తయారుచేసిన ఆయన వేరే ఎవరికో అమ్మేశాడు, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసి అందరి బ్రౌజర్లలో ఆపేసింది. వాడే వాళ్ళు మధ్యలో ఏమీ చెయ్యలేదు, అప్‌డేట్ దానంతట అదే వచ్చింది.

2024 డిసెంబర్‌లో సైబర్‌హేవెన్‌ది ఇంకా బాధగా ఉంటుంది, ఎందుకంటే అది డేటా బయటికి పోకుండా కాపలా కాసే కంపెనీ. డిసెంబర్ 24న వాళ్ళ ఉద్యోగి ఒకరికి క్రోమ్ వెబ్ స్టోర్ నుంచి వచ్చినట్టు ఒక మెయిల్ వచ్చింది, మీ ఎక్స్‌టెన్షన్ రూల్స్ తప్పింది తీసేస్తాం అని. ఆ లింకులో గూగుల్ అసలు లాగిన్ పేజీలోనే ఒక యాప్‌కి అనుమతి ఇప్పించుకున్నారు, అందుకే రెండో స్టెప్ ఓటీపీలు కూడా ఆపలేకపోయాయి. క్రిస్మస్ రోజు 24.10.4 అనే వెర్షన్ విషం కలిపి స్టోర్‌లో పెట్టారు, దాదాపు ఒక రోజు అలా ఉంది, వాడే వాళ్ళు సుమారు 4 లక్షలు. అదే పద్ధతిలో ఇంకా చాలా ఎక్స్‌టెన్షన్లు పడ్డాయని తర్వాత తెలిసింది. అంటే నిన్న మంచిది అయిన ఎక్స్‌టెన్షన్ ఇవాళ పొద్దున అప్‌డేట్‌తో దొంగ అవ్వొచ్చు. కాబట్టి లిస్ట్ ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది, ఒకే పనికి మూడు రకాల స్క్రీన్‌షాట్ ఎక్స్‌టెన్షన్లు అవసరం లేదు.

పర్మిషన్ చూసి నిర్ణయించండి. అన్ని సైట్ల డేటా చదవడం, కుకీలు, వెబ్ రిక్వెస్టులు, క్లిప్‌బోర్డ్, డౌన్‌లోడ్లు ఇవి అడిగేది ఎందుకు అడుగుతోందో మీరు ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే వద్దనండి. మీకు నేను గట్టిగా చెప్పే పాలసీ ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్‌లో ఉండే రన్‌టైమ్ బ్లాక్‌డ్ హోస్ట్స్. ఎక్స్‌టెన్షన్‌ని ఉండనిస్తూనే ఫలానా సైట్ల మీద మాత్రం అది ఏమీ చదవకుండా చెయ్యొచ్చు. మీ పేరోల్ సాఫ్ట్‌వేర్ సైట్, బ్యాంక్ సైట్లు, పీఎఫ్ పోర్టల్ అందులో రాసేయండి, సైట్ పేరు వరకే రాయాలి, వెనకున్న పేజీ దారి రాయకూడదు. స్టార్ కింద ఒకసారి రాసి వదిలెయ్యకుండా మీరు ఒప్పుకున్న ప్రతి ఐడీ కిందా విడిగా రాయండి. సంతకం పెట్టే ఎక్స్‌టెన్షన్‌కి మాత్రం దాని పోర్టల్ వదిలేయాలి మరి. ఇది మొత్తం జేసన్ అనే ఫార్మాట్‌లో రాయాలి, గ్రూప్ పాలసీ బాక్సులో పెట్టేటప్పుడు అంతా ఒకే లైనులో ఉండాలి, ఒక్క బ్రాకెట్ తక్కువైనా మొత్తం పాలసీ పని చెయ్యదు. ఇంకా ఒకే ఐడీని అలౌలిస్ట్‌లోనూ ఇందులోనూ రెండు రకాలుగా రాయకండి, ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్‌దే పైచెయ్యి అవుతుంది, తర్వాత మీరే వెతుక్కుంటారు.

మీ సార్‌కి టైం ఎందుకు కావాలో చెప్పాలంటే సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ ఆదేశాలు చూపించండి, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లోపు రిపోర్ట్ చెయ్యాలి, లాగ్స్ 180 రోజులు ఉంచాలి. ఎక్స్‌టెన్షన్ల లెక్కే లేని ఆఫీసు 6 గంటల్లో ఏమని రాస్తుంది. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టంలో సరైన రక్షణ పెట్టనందుకు జరిమానా 250 కోట్ల దాకా ఉంది, అదీ చెప్పండి.

పేరోల్_అక్క:

నేను ఐటీ కాదు, నాచారంలో ఒక ఆఫీసులో పదహారేళ్ళుగా పేరోల్ చేస్తున్నాను, ఇది చదివి రాయకుండా ఉండలేకపోయాను. ఆ పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్ పెట్టినామె తప్పు చేసింది అనే అందరూ అనుకుంటారు, కానీ ఒక్కసారి ఆలోచించండి బాబూ, బ్యాంకు వాళ్ళు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లో ఇస్తారు, మాకు ఎక్సెల్‌లో కావాలి, సాయంత్రం లోపల జీతాలు పడాలి, నాలుగు వందల లైన్లు చేత్తో కొట్టాలా? ఆఫీసు ఏదీ ఇవ్వకపోతే గూగుల్‌లో మొదట వచ్చింది పెట్టుకుంటాం. బ్లాక్ చేసేటప్పుడు దాని బదులు ఏది వాడాలో కూడా అదే రోజు చెప్పండి. మా ఆఫీసులో చెప్పకుండా ఆపేశారు ఒకసారి, అప్పుడు అందరూ ఆ పని ఫోన్లో చేసుకోవడం మొదలుపెట్టారు, జీతాల షీట్లు వాట్సాప్‌లో సొంత ఫోన్లకి పోయాయి, అది ఇంకా ప్రమాదం కాదా.

తెలుగు టైపింగ్ కూడా అంతే. కార్మికులకి నోటీసులు, గ్రాట్యుటీ లెటర్లు తెలుగులో ఇస్తాం, అది ఆగితే వాళ్ళకి అర్థమయ్యే కాగితం వెళ్ళదు. దయచేసి దాన్ని అనవసరమైన వాటిలో వెయ్యకండి.

సికింద్రాబాద్_సిస్టమ్స్:

అక్కా మీరు చెప్పిన వాట్సాప్ మాట చాలా ముఖ్యం, ఐటీ వాళ్ళు ఇది గోడకి రాసి పెట్టుకోవాలి. తెలుగు టైపింగ్‌కి అసలు ఎక్స్‌టెన్షనే అక్కర్లేదు, విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది, 2019 మే అప్‌డేట్‌లో వచ్చింది, సెట్టింగ్స్‌లో భాషల్లో తెలుగు కలిపి ఆ కీబోర్డ్ ఎంచుకుంటే ఇంగ్లీష్ అక్షరాల్లో కొడుతుంటే తెలుగులో పడుతుంది. బ్రౌజర్‌లోనే కాదు, వర్డ్‌లోనూ ఎక్సెల్‌లోనూ పని చేస్తుంది. అలాగే పీడీఎఫ్ నుంచి టేబుల్ తియ్యడం కొత్త ఎక్సెల్‌లో గెట్ డేటాలోనే ఉంది, స్టేట్‌మెంట్ స్కాన్ కాపీ కాకపోతే బాగానే వస్తుంది.

బేగంపేట గారూ, కన్సోల్‌లో బ్లాక్ చేసిన ఎక్స్‌టెన్షన్‌ని యూజర్ స్టోర్ పేజీ నుంచే రిక్వెస్ట్ చేసే ఆప్షన్ ఉంది, అది ఆన్ చెయ్యండి, ఎవరు ఏం అడిగారో మీకు లిస్ట్ వస్తుంది. అడిగినవాళ్ళకి ఒక్క రోజులో జవాబు ఇవ్వండి, అది వద్దు అన్నా సరే.

నల్లకుంట_నక్క:

ఫైర్‌ఫాక్స్ ఆరుగురి గురించి ఎవరూ చెప్పలేదు. వేరే దారి ఏం కాదు, గ్రూప్ పాలసీ టెంప్లేట్లు ఉన్నాయి, వర్క్‌గ్రూప్‌లో అయితే ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో డిస్ట్రిబ్యూషన్ అని ఫోల్డర్ చేసి అందులో పాలసీస్ జేసన్ ఫైల్ పెడితే చాలు. ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్ పేరు అదే, స్టార్‌కి బ్లాక్‌డ్ అని రాయొచ్చు, కానీ ఐడీలు వేరు, ఇక్కడ మెయిల్ అడ్రస్ లాగానో బ్రాకెట్లలో పొడుగు నంబర్ లాగానో ఉంటాయి. క్రోమ్ ఐడీ తెచ్చి పెడితే పని చెయ్యదు. ఎడ్జ్‌లో కూడా చూసుకోండి, ఎడ్జ్ సొంత స్టోర్ నుంచి వేసుకున్నదానికి క్రోమ్ స్టోర్‌లో ఉన్న ఐడీ ఉండదు, రెండూ రాయాలి.

బేగంపేట_ఐటీ:

అందరికీ చేతులెత్తి దణ్ణం. ఐదు వారాలు పట్టింది, ఎంతవరకు వచ్చిందో చెప్తాను. సార్‌కి ఆ 6 గంటల రూల్ చూపించాక రేపటికల్లా అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఉప్పల్‌కి మా తమ్ముడు పెన్‌డ్రైవ్‌లో టోకెన్ ఫైల్ పట్టుకెళ్ళి 50 సిస్టమ్స్‌కీ వేసొచ్చాడు, మర్నాటికి 46 కన్సోల్‌లో కనపడ్డాయి, మిగతా నాలుగు ఎవరూ ఆన్ చెయ్యనివి. లిస్ట్ చూసి భయం వేసింది, ఆ పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్ ఒక్కామె దగ్గరే అనుకున్నా, ఇంకో పదకొండు మంది దగ్గర ఉంది. అన్నీ రిమూవ్‌డ్ పెట్టేశాం, పోయాయి.

తర్వాత ఒక్కో సెక్షన్‌లో కుర్చీ వేసుకుని కూర్చుని ఏది ఎందుకు వాడుతున్నారో అడిగాను, ఇదే ఎక్కువ టైం తీసుకుంది, ఇదే ఎక్కువ పనికొచ్చింది. చివరికి తొమ్మిది ఐడీలు ఒప్పుకున్నాం. 24న పది సిస్టమ్స్‌కి పెట్టాం, సార్‌ది కూడా. సంతకం దగ్గర ముందే పరీక్షించుకున్నాం కాబట్టి టెండర్ల వాళ్ళకి తెలీనే లేదు. రన్‌టైమ్ బ్లాక్‌డ్ హోస్ట్స్‌లో పీఎఫ్ పోర్టల్, బ్యాంకులు, మా పేరోల్ సైట్ ఎక్కించాం, దాంతో పాస్‌వర్డ్ మేనేజర్ ఆ సైట్లలో నింపడం ఆపేసింది, రెండు రోజులు ఎందుకో అర్థం కాలేదు, దానికి మాత్రం ఆ సైట్లు తీసేశాం. పేరోల్ అక్క గారు చెప్పినట్టు తెలుగు టైపింగ్ ఆగకుండా, విండోస్ తెలుగు కీబోర్డ్ పన్నెండు మందికి నేనే పక్కన కూర్చుని నేర్పించాను, ఇద్దరు మాత్రం పాతదే కావాలి అంటున్నారు, ఇంకో వారం చూస్తా.

ఒకటి మిగిలింది. సేల్స్ వాళ్ళ లాప్‌టాప్‌లలో ముగ్గురు బ్రేవ్ అనే బ్రౌజర్ వేసుకున్నారు, అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా ఎలా వేశారో తెలీట్లేదు, దానికి మన పాలసీ ఏదీ తగలట్లేదు.

మణికొండ_సెక్యూరిటీ:

యూజర్ ఫోల్డర్‌లోకే ఇన్‌స్టాల్ అవుతుంది కాబట్టి అడ్మిన్ అక్కర్లేదు, క్రోమ్ కూడా అలా పడుతుంది. బ్రేవ్ కూడా క్రోమ్‌కి మూలమైన క్రోమియం మీదే ఉంది, పాలసీలు చాలావరకు అవే పేర్లు, కానీ రిజిస్ట్రీలో పాలసీస్ కింద గూగుల్ కాకుండా బ్రేవ్‌సాఫ్ట్‌వేర్, బ్రేవ్ అనే దారిలో చూస్తుంది, అందుకే మీవి తగల్లేదు. అక్కడ కూడా అదే బ్లాక్‌లిస్ట్ పెట్టండి ఈ రోజుకి. తర్వాత విండోస్‌లో ఉండే యాప్‌లాకర్‌తో యాప్‌డేటా నుంచి ప్రోగ్రాములు నడవకుండా ఆపొచ్చు, కానీ జూమ్ లాంటివి కూడా కొన్ని అక్కడి నుంచే నడుస్తుంటాయి, ముందు రెండు వారాలు ఆడిట్ మోడ్‌లో (దేన్నీ ఆపదు, లాగ్‌లో రాస్తుంది అంతే) పెట్టి లాగ్ చూడండి. ఆ ముగ్గురినీ బ్రేవ్ ఎందుకు కావాలో కూడా అడగండి.

బేగంపేట_ఐటీ:

అడిగా ఇప్పుడే. ప్రకటనలు రాకుండా అంట, క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ ఆగిపోయిందట అందుకే మారారు. యూబ్లాక్ ఆరిజిన్ లైట్‌ని పదో ఐడీగా కలుపుతున్నా, స్టోర్‌లో దాన్ని తయారుచేసినవాళ్ళ పేరు, ఐడీ రెండూ సరిచూసుకున్నాకే. సోమవారం బ్రేవ్‌కి కూడా పాలసీ వేస్తాను.